జాబితా చదవలేని నౌకరు: పల్చటి రోమియో జూలియట్‌లో ఎవరు లేరు?

"సార్, ఈ రెండిళ్లవాళ్లదీ ఏ కులం?"

ఇంగ్లీషు నాన్‌డిటైల్డ్ క్లాసులో వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. పాఠం రోమియో జూలియట్. అడిగింది సోషల్ వెల్ఫేర్ హాస్టల్ నుంచి వచ్చే పిల్లవాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. పంతులుగారూ నవ్వారు. "అది ఇటలీరా అబ్బాయ్, అక్కడ కులాలేంటి, కూర్చో" అన్నారు. ఆ బెంచీ మీద కూర్చున్నది మేమే. ఇన్నేళ్ల తర్వాత ఆ ప్రశ్నను మళ్లీ నిలబెట్టి, దానికి చరిత్రలో జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకంటే ఆ ప్రశ్న తెలివితక్కువది కాదనీ, ఆ పుస్తకంలో లేనిదేదో ఆ పిల్లవాడు సరిగ్గానే పసిగట్టాడనీ మా నమ్మకం.

ఆ పుస్తకం సంగతి ముందు చెప్పుకోవాలి. గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు పక్కన పాత పుస్తకాల కొట్లో సగం ధరకు దొరికింది. విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్లలో చదివిన మన పిల్లల్లో చాలామందికి ఆ కొట్లే గ్రంథాలయాలు. అట్ట సగం చిరిగిపోయింది. అరవై పేజీలు కూడా లేవు. అంతకుముందు చదివినవాళ్లెవరో కష్టమైన మాటల మీద పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకున్నారు. ఒకచోట 'పగ', ఒకచోట 'సమాధి', ఇంకోచోట 'విషం'. ఈ మూడు మాటలు చూస్తేనే కథ సగం అర్థమైపోయింది. రాత్రి హాస్టల్ వరండాలో లైటు కింద కూర్చుని ఒక్క బిగిన చదివాం. ఇంగ్లీషులో ఒక కథను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సొంతంగా చదవడం అదే మొదలు.

చదివాక ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇద్దరు పిల్లలు ఇష్టపడితే ఇద్దరూ చచ్చిపోవడం అనేది మా పేటలో పుస్తకంలో చదివే సంగతి కాదు. ఊళ్లో ఆసామి కూతురితో మాట్లాడాడని రాత్రికి రాత్రి కొడుకుని రైలెక్కించి పంపేసిన తల్లుల గురించి మేము చిన్నప్పుడే విన్నాం. కాబట్టి ఎక్కడో వెరోనాలో జరిగిన కథ మాకు ఊరి కథలాగే వినపడింది. ఒక్కటే అర్థం కాలేదు. ఆ రెండిళ్ల మధ్య పగ దేనికి? పుస్తకం 'పాత పగ' అని ఊరుకుంది. మాకు తెలిసిన పగలన్నిటికీ కారణాలున్నాయి. అందుకే ఆ ప్రశ్న అడిగాం.

పల్చటి పుస్తకం ఎవరికోసం పుట్టింది?

పెద్ద పుస్తకాన్ని చిన్నది చేసి బడిపిల్లల చేతిలో పెట్టే అలవాటుకు ఒక చరిత్ర ఉంది. 1807లో లండన్‌లో చార్లెస్ లాంబ్, అతని అక్క మేరీ లాంబ్ కలిసి షేక్‌స్పియర్ నాటకాల్లో ఇరవయ్యింటిని పిల్లల కథలుగా తిరగరాశారు. పద్నాలుగు కథలు మేరీ రాసింది. విషాదాంతాలు ఆరూ చార్లెస్ రాశాడు. రోమియో జూలియట్ అతను రాసిందే. అయితే మొదటి ముద్రణలో రచయితగా చార్లెస్ పేరొక్కటే అచ్చయింది. ఎక్కువ భాగం రాసిన ఆడమనిషి పేరు లేదు.

ఆ పుస్తకం ముందుమాటలో మనం గమనించాల్సిన మాట ఒకటుంది. ఈ కథలు ముఖ్యంగా ఆడపిల్లల కోసం అంటారు రచయితలు. మగపిల్లలను చిన్న వయసులోనే తండ్రి పుస్తకాల గదిలోకి రానిస్తారు, ఆడపిల్లలకు ఆ అవకాశం చాలా ఆలస్యంగా దొరుకుతుంది, కాబట్టి వాళ్లకిది అని. అంటే ఈ పల్చటి పుస్తకం పుట్టుకలోనే ఒక విషయం ఉంది: గ్రంథాలయం తలుపు మూసి ఉన్నవాళ్ల కోసం అది పుట్టింది. తలుపు తీయడానికి బదులు కిటికీలోంచి కొంచెం అందించడం లాంటిది. అయినా ఆ అందించిందాన్ని తీసుకుని చదివినవాళ్లున్నారు. మేమూ వాళ్ల కోవలోనివాళ్లమే.

రెండో ఘట్టం మన ఉపఖండంలోనే జరిగింది. 1920లలో ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మైకేల్ వెస్ట్, తక్కువ మాటలతో ఇంగ్లీషు వాచకాలు తయారుచేసే పద్ధతిని రూపొందించాడు. ఈ రోజు ప్రపంచమంతటా అమ్ముడయ్యే సరళ ఇంగ్లీషు పుస్తకాల వెనక బెంగాలు బడిపిల్లల మీద చేసిన ఆ పని ఉంది. 1926లో వచ్చిన తన నివేదికలో అతను 'సరెండర్ వాల్యూ' అనే మాట వాడాడు. అది భీమా కంపెనీల మాట. పాలసీ కట్టడం మధ్యలో మానేస్తే చేతికొచ్చే సొమ్ము. చదువు మధ్యలో మానేసే పిల్లవాడికి ఏం మిగులుతుంది అని వెస్ట్ అడిగాడు. మాట్లాడటం సగం నేర్చి మానేస్తే ఏమీ మిగలదు, చదవడం నేర్చి మానేస్తే ఎంతో కొంత మిగులుతుంది, కాబట్టి చదవడం ముందు నేర్పాలన్నాడు.

ఈ వాదంలో నిజాయితీ ఉంది. పిల్లలు మధ్యలో మానేస్తారన్న సంగతిని దాచలేదు. కానీ ఎవరు మానేస్తారు, ఎందుకు మానేస్తారు అన్న ప్రశ్న పక్కన ఉండిపోయింది. మన కృష్ణా డెల్టాలో ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. నాట్లకూ కోతలకూ బడి మానేసేది ఎవరి పిల్లలో అందరికీ తెలుసు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, మాగాణి వచ్చింది, పంట డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో భూమి ఉన్న కులాలు బడులు పెట్టుకున్నాయి, హాస్టళ్లు కట్టుకున్నాయి, పత్రికలు నడిపాయి, తర్వాత సినిమాలు తీశాయి. కాలవ తవ్వినవాళ్లకూ, ఆ నీటిలో నాట్లు వేసినవాళ్లకూ దక్కింది కూలి గింజలు.

ఇంగ్లీషు చదువు సంగతీ అంతే. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో మిషన్ బడి పెట్టాడు. డెల్టాలో ఇంగ్లీషు చదువుకు అదే పెద్ద పునాది. అయితే ఆయన దృష్టి పై కులాల పిల్లల మీదే. ముందు వాళ్లు మారితే మిగతావాళ్లు వెనక వస్తారన్న లెక్క. అంటరానివాళ్లకు ఆ గదిలో చోటు లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. ఊరూరా పుస్తకాలుండాలన్న గొప్ప ఉద్యమం అది. మూడేళ్ల తర్వాత, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. ఆ సభలో మనవాళ్లు చేసిన పని తమ పేరు తామే పెట్టుకోవడం. పంచములు అనే మాట కాదని 'ఆది ఆంధ్రులు' అన్నారు. పుస్తకం మీద పేరు పడని మేరీ లాంబ్ సంగతి చదివినప్పుడు మాకు ఈ సభే గుర్తొచ్చింది. పేరు ఎవరు పెడతారు, ఎవరి పేరు అచ్చులో ఉంటుంది అనేది చిన్న విషయం కాదు.

ఏం తీసేశారు?

పీజీకి వచ్చాక అసలు నాటకం చదివాం. చదువుతూ చదువుతూ మొదటి అంకం రెండో రంగం దగ్గర ఆగిపోయాం. అక్కడ ఏం జరుగుతుందంటే, కాప్యులెట్ ఇంట్లో విందు. పిలవాల్సినవాళ్ల పేర్ల జాబితా రాసి నౌకరు చేతికిచ్చి వీళ్లందరినీ పిలిచి రమ్మంటాడు యజమాని. నౌకరుకు చదవడం రాదు. ఆ సంగతి యజమానికి పట్టదు. నౌకరు వీధిలోకొచ్చి, చదువుకున్నవాడెవడైనా దొరుకుతాడా అని చూసి, ఎదురొచ్చిన కుర్రవాణ్ణి అడుగుతాడు: అయ్యా, మీకు చదవడం వచ్చా? ఆ కుర్రవాడు రోమియో. శత్రువు ఇంటి బిడ్డ. నౌకరుకు అదీ తెలియదు. రోమియో జాబితా చదివిపెడతాడు. అందులో తను అప్పటికి ఇష్టపడుతున్న అమ్మాయి పేరు చూస్తాడు. నౌకరు కృతజ్ఞతగా, మీరు మాంటేగ్యూలు కాకపోతే మీరూ రండి అని పిలుస్తాడు. రోమియో వెళ్తాడు. అక్కడ జూలియట్ కనపడుతుంది.

ప్రపంచం మొత్తం చెప్పుకునే ప్రేమకథ మొదలైంది ఒక నౌకరుకు చదువు రాకపోవడం వల్ల. అతనికి అక్షరం వచ్చుంటే రోమియోను ఆపేవాడు కాదు, ఆ విందు సంగతి రోమియోకు అట్లా తెలిసేది కాదు. మేము హాస్టల్ వరండాలో చదివిన పల్చటి పుస్తకంలో ఈ నౌకరు లేడు. లాంబ్ రాసిన కథలోనూ లేడు. విందు జరుగుతుంది, రోమియో వెళ్తాడు, అంతే.

ఈ రంగం చదివిన రోజు మేము చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం. మా పేటలో ఉత్తరం వస్తే పోస్టుమానే చదివి చెప్పాలి. కోర్టు కాగితం వస్తే కరణం ఇంటి అరుగు కింద నిలబడాలి. కాగితంలో తనకు వ్యతిరేకంగా ఏముందో కూడా తెలియకుండా దాన్ని మడతపెట్టి నడుముకు చెక్కుకుని తిరిగినవాళ్లు మన తాతలు. ఆసామి ఇంట చావు జరిగితే పొరుగూళ్లకు కబురు మోసుకెళ్లింది మాలపల్లివాళ్లే. కబురు వాళ్లది, నడక మనది. కథలన్నీ కబురు పంపినవాళ్ల గురించి ఉంటాయి. నడిచినవాడి గురించి ఉండవు.

తీసేసింది ఆ నౌకరునొక్కణ్ణే కాదు. అసలు నాటకం మొదలయ్యేదే నౌకర్ల కొట్లాటతో. రెండిళ్ల పనివాళ్లు వీధిలో ఎదురై, తమకే సంబంధమూ లేని పగ కోసం కత్తులు దూస్తారు. 'ఎడ్లు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్లు' అని మన సామెత. డెల్టా ఊళ్లలో రెండు పెద్ద ఇళ్లు కోర్టుకెక్కితే ముందు తలలు పగిలేది పాలేర్లకే. మా చేతిలోని పుస్తకంలో ఈ కొట్లాట ఒక్క వాక్యమైపోయింది. ఇంకా చివర, రోమియోకు కబురు అందకపోవడానికి కారణం ప్లేగు. ఉత్తరం తీసుకెళ్తున్న సన్యాసిని, ప్లేగు తగిలిన ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో అధికారులు ఆ ఇంట్లోనే ఉంచి తలుపులు మూసేస్తారు. లాంబ్ కథలో ప్లేగు లేదు. దూత ఏదో కారణంగా ఆగిపోయాడన్నంత వరకే ఉంటుంది. ఊరినంతా పట్టిన రోగం కథలోకొచ్చేసరికి ఇద్దరు ప్రేమికుల దురదృష్టమైపోయింది.

మా వాదన ఇక్కడే ఉంది. సంక్షిప్తం చేయడం అంటే ఉత్తినే పేజీలు తగ్గించడం కాదు. ఏది ముఖ్యం, ఎవరు ముఖ్యం అని నిర్ణయించడం. కత్తెర పట్టుకున్నవాడు కథకు అవసరం లేదనుకుని ముందుగా కత్తిరించేది పనివాళ్లను, రోగాలను, ఆకలిని, రాజ్యాన్ని. మిగిలేది రెండు గుండెలు, ఒక విషం సీసా. అప్పుడది సమాజం చేసిన చావు కాదు, విధి చేసిన చావు. దాన్ని చదివిన పిల్లవాడు విధిని నిందిస్తాడు గానీ ఊరిని నిందించడు.

అయితే ఇంకో నిజం కూడా చెప్పాలి. మేము అడిగిన కులం ప్రశ్నకు అసలు నాటకం కూడా సూటిగా జవాబివ్వదు. పగకు కారణం అక్కడా లేదు. పైగా రెండిళ్లూ అంతస్తులో సమానమని నాటకం మొదట్లోనే చెప్తుంది. అంటే పంతులుగారు అన్నదాంట్లో సగం నిజముంది. అది సమానుల మధ్య కొట్లాట. ఇద్దరు తండ్రులూ చివర్లో చేతులు కలపగలిగారంటే కారణం అదే. మన ఊళ్లో ఆసామికీ పాలేరుకీ మధ్య ఉన్నది పగ కాదు, మెట్టు. మెట్టు మీద నిలబడ్డవాడు కిందివాడితో చెయ్యి కలపాలంటే ముందు మెట్టు దిగాలి.

మన డెల్టా చెప్పిన కథ

మరి మనవాళ్లు ఆ మెట్టు గురించి ప్రేమకథ చెప్పలేదా? చెప్పారు. 1938లో 'మాలపిల్ల' సినిమా వచ్చింది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం కృష్ణా జిల్లావాడు. తీసిన సారథి సంస్థ వెనక ఉన్నది ఇదే డెల్టాలోని చల్లపల్లి జమీందారు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, మాలపిల్ల శంపాలతగా కాంచనమాల. బ్రాహ్మణ యువకుడు నాగరాజు మాలపిల్లను ప్రేమిస్తాడు. గుళ్లోకి రానివ్వమంటూ హరిజనుల పోరాటం నడుస్తుంటుంది. ప్రేమికులు కలకత్తా వెళ్లిపోతారు. చివరికి నాగరాజు తల్లి మంటల్లో చిక్కుకుంటే కాపాడేది ఒక మాల. దాంతో శాస్త్రిగారి మనసు మారుతుంది. అందరూ కలుస్తారు.

ఆ రోజుల్లో అది సాహసమే. కాదనం. సినిమా పేరులోనే మాల అనే మాట పెట్టి ఊరూరా గోడల మీద అంటించడం చిన్న పని కాదు. కానీ హాస్టల్ పిల్లవాడి కళ్లతో చూస్తే రెండు సంగతులు కనపడతాయి.

మొదటిది, ప్రేమ ఏ వైపు నుంచి ఏ వైపుకు నడిచింది? పై కులం మగవాడు, కింది కులం ఆడపిల్ల. సంస్కరణ కథలకు ఇష్టమైన దారి అదే. పైవాడు దిగివస్తాడు, కాబట్టి అది త్యాగం. దళిత యువకుడు, పై కులం అమ్మాయి అనే కథ ఆనాటి సంస్కర్తలకు నోరు తిరగలేదు. ఆ కథలో త్యాగానికి చోటు లేదు, అక్కడ ఆస్తి, వంశం, మర్యాద అన్నీ ఒక్కసారే ప్రశ్నలోకి వస్తాయి. బయట చావులు ఎక్కువగా జరిగేది ఆ దారిలోనే.

రెండోది, పెద్దవాళ్ల మనసు మారడానికి ఎవరు మూల్యం చెల్లించారు? వెరోనాలో పిల్లలు చచ్చిపోతే తండ్రుల మనసు మారింది. బంగారు విగ్రహాలు పెడతామన్నారు. 'మాలపిల్ల'లో ఒక మాల మంటల్లోకి దూకితే శాస్త్రిగారి మనసు మారింది. మనిషిగా గుర్తించాలంటే ముందు ప్రాణం పణంగా పెట్టి యోగ్యత నిరూపించుకోవాలన్నమాట. హక్కు అనేది అక్కడ మాటే కాదు. సంతోషంగా ముగిసినా ఇది కూడా సంక్షిప్తమే. భూమినీ కూలినీ కత్తిరించి మనసునొక్కదాన్నే మిగిల్చింది.

ఇంకో మూడేళ్లకు, 1941లో, గుర్రం జాషువా 'గబ్బిలం' వచ్చింది. ఇది సరిగ్గా ఎదురు దిశలో జరిగిన పని. కాళిదాసు 'మేఘదూతం' మన సంప్రదాయంలో విరహానికి పెద్ద గ్రంథం. భార్యకు దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా ఆ కావ్యాన్ని సరళం చేయలేదు, సంక్షిప్తం చేయలేదు. దాని చట్రాన్ని తీసుకుని యక్షుడి చోట ఆకలితో ఉన్న అంటరాని మనిషిని కూర్చోబెట్టాడు. మేఘం చోట గబ్బిలాన్ని పెట్టాడు. మనిషికి ప్రవేశం లేని గుళ్లో గబ్బిలం వేలాడగలదు కాబట్టి దానితో శివుడికి కబురు పంపాడు. కబురు మోసే జాతివాడు తన కబురు తానే పంపుకోవడం తెలుగు సాహిత్యంలో అట్లా నిలిచింది. పల్చటి పుస్తకం నౌకరును తీసేసింది. జాషువా కథానాయకుణ్ణే లేపి ఆ చోట నౌకరును కూర్చోబెట్టాడు. మనకు పాఠం చెప్పిన తేడా ఇదే.

జాషువా జీవితమే ఈ వ్యాస విషయానికి దగ్గరిది. ఆయన తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డ రెండు వైపులా ఎన్ని మాటలు పడాలో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఆయన కూతురు హేమలత 1960లో సేవాగ్రాంలో లవణాన్ని పెళ్లాడారు. లవణం, నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా కొడుకు. ఆ కేంద్రం 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలై 1947లో విజయవాడ పటమటకు మారింది. గోరా పుట్టుక బ్రాహ్మణ కుటుంబంలో. అంతకుముందే 1948 మార్చిలో, గాంధీ హత్య జరిగిన కొద్ది వారాలకు, అదే సేవాగ్రాంలో గోరా పెద్దకూతురు మనోరమకూ దళిత యువకుడు అర్జునరావుకూ పెళ్లయింది. సినిమా చెప్పలేకపోయిన దారి ఇది. పై కులం ఇంటి అమ్మాయి, దళిత అబ్బాయి. ఎవరూ మంటల్లోకి దూకలేదు, ఎవరూ విషం తాగలేదు. కారణం ఏమిటంటే, ఆ ఇంట్లో పెద్దవాళ్లు కులాన్ని దాచిపెట్టి ప్రేమ గురించి మాట్లాడలేదు. కులం పోవాలి అని పేరు పెట్టి చెప్పి పెళ్లి చేశారు.

ఇందులోనూ మనం అడగాల్సింది ఉంది. చరిత్ర ఈ పెళ్లిళ్లను గోరాగారి సంస్కరణగానే ఎక్కువగా రాసుకుంది. ఆ ఇళ్లలోకి నడిచి వెళ్లిన దళితుల వైపు నుంచి రాసింది తక్కువ. కబురు మోసినవాడి నడక ఇక్కడ కూడా అచ్చులో సన్నగానే ఉంది.

ప్రశ్నకు జవాబు

కులం తన సొంత కట్టులోనే పెళ్లి చేసుకోవడం మీద నిలబడి ఉందని అంబేద్కర్ 1916లోనే చెప్పారు. 1936లో 'కులనిర్మూలన' ప్రసంగ పాఠంలో కులాంతర వివాహమే అసలు మందు అన్నారు. కానీ అక్కడితో ఆగలేదు. ఆ మందు జనం ఎందుకు మింగరు అని అడిగి, వాళ్లు చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు, కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల మీద నమ్మకం వల్ల అని జవాబిచ్చారు. మనసు మారడం కోసం ఎదురుచూసే కథలన్నిటికీ ఇదే జవాబు. మనసు వెనక శాస్త్రం ఉంది, శాస్త్రం వెనక భూమి ఉంది.

ప్రేమకథ చూడటానికి పక్కపక్కన కూర్చోవడం కూడా మన డెల్టాలో ప్రాణాల మీదికి వచ్చింది. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని పై కులం కుర్రవాడికి తగలడంతో రగిలిన గొడవ, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యకు దారితీసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. షేక్‌స్పియర్ నాటకం చివర రాజు, కొందరికి క్షమాపణ, కొందరికి శిక్ష అంటాడు. మనకు ఆ 'కొందరికి శిక్ష' కూడా మిగల్లేదు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న దళిత క్రైస్తవ యువకుణ్ణి నరికి చంపారు. భార్య వైశ్య కుటుంబపు అమ్మాయి. ఆమె తండ్రే డబ్బిచ్చి చంపించాడన్నది కేసు. విచారణ ముగియకముందే, 2020లో, ఆ తండ్రి చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఈ వార్త వచ్చినప్పుడల్లా పత్రికలు 'రోమియో జూలియట్ ప్రేమ' అనే ధోరణిలోనే రాశాయి. వార్తను కూడా పల్చటి పుస్తకం చేయడం అంటే ఇదే. ఇద్దరు ప్రేమికులు, ఒక కఠిన తండ్రి. మధ్యలో ఉన్న కులం మళ్లీ 'పాత పగ' అయిపోతుంది.

జాబితా సంగతి మళ్లీ ఒక్కసారి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద కులం, మతం దాటి పెళ్లి చేసుకోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటిస్తారు. వెరోనాలో చదువురాని నౌకరు చేతిలో జాబితా ప్రేమికులను కలిపింది. మన రిజిస్ట్రారు ఆఫీసు గోడ మీద జాబితా, చదువొచ్చిన బంధువుల కళ్లపడి ప్రేమికులను పట్టిస్తుంది. అక్షరం ఎవరి చేతిలో ఉంది, ఎవరికోసం పనిచేస్తోంది అన్న ప్రశ్న నాలుగు వందల ఏళ్లలో తీరలేదు.

అందుకని పల్చటి పుస్తకాన్ని పారేయమని మేము అనడం లేదు. మాకు దొరికిన మొదటి తలుపు అదే. గవర్నర్‌పేట కొట్లో ఆ సగం అట్ట పుస్తకం దొరక్కపోతే పీజీలో పెద్ద నాటకం చదివేవాళ్లమే కాదు. మేము కోరేది వేరే. హాస్టల్ పిల్లలకు పాఠం చెప్పే టీచర్లకు ఒక మాట: ఈ కథ చెప్పేటప్పుడు పది నిమిషాలు తీసుకుని జాబితా రంగం కూడా తెలుగులో చెప్పండి. మీ ఇంట్లో కాగితం వస్తే ఎవరు చదువుతారు అని పిల్లల్ని అడగండి. ఏ ఇంటి నుంచి ఏ జవాబు వస్తుందో వినండి. ఇక వెనక బెంచీ నుంచి ఎవరైనా లేచి "ఈ రెండిళ్లవాళ్లదీ ఏ కులం సార్" అని అడిగితే కూర్చోమనకండి. నిలబడనివ్వండి. "వాళ్లది ఏ కులమో పుస్తకంలో లేదు. ఆ జాబితా మోసినవాడిది ఏ కులమై ఉంటుందో నువ్వు చెప్పు" అనండి.

ఆ రోజు మాకెవరైనా అట్లా చెప్పి ఉంటే, ఈ వ్యాసం పాతికేళ్ల ముందే రాసేవాళ్లం.